ఎంత అని అడిగే ఆంటీ

మా హాస్టల్ పిల్లలకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. అందరికీ నలభై దాటాయి గానీ ఆ గ్రూపులో మేమింకా పిల్లలమే. పోయిన మంగళవారం పొద్దున అందులో ఒకామె రాసింది, "ఆంటీ పోయారట. నిద్రలోనే." వెంటనే ఇంకొకామె అడిగింది, "ఎన్నేళ్ళు ఆవిడకి?" డెబ్బై ఐదు ఉంటాయని ఒకరు, ఎనభై అని ఒకరు. ఎవరికీ సరిగ్గా తెలియదు. ఏ విషయాన్నీ సుమారుగా చెప్పనివ్వని మనిషి వయసు మాకు సుమారుగానే తెలుసని గమనించి నాకు కొంచెం నవ్వూ, ఆ వెనకే ఏడుపూ వచ్చాయి.

తెనాలి నుంచి కంప్యూటరు కోర్సు నేర్చుకుందామని అమీర్‌పేటలో దిగినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. స్తంభం కనిపిస్తే దానికి నాలుగు కోర్సుల బోర్డులు, మెట్లు కనిపిస్తే వాటి మీద వందమంది పిల్లలు ఉండే రోజులవి. మెయిన్ రోడ్డు వెనక సందులో మూడంతస్తుల ఇల్లు ఆంటీది. పై రెండంతస్తుల్లో మేం ముప్పై మందిమి, కింద ఆవిడ. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఎత్తు ఐదడుగులకు అంగుళన్నర తక్కువ. ఆ అంగుళన్నర కూడా ఆవిడ చెప్పిన లెక్కే. మెడలో తాడు కట్టిన కళ్ళద్దాలు, బొడ్లో తాళాల గుత్తి. నవ్వడం తక్కువ, మెచ్చుకోవడం ఇంకా తక్కువ. సాంబారు మటుకు పల్చగా ఉండేది.

మేం ఎవరమైనా "చాలా" అన్నామంటే చాలు, ఆంటీ "ఎంత?" అని అడిగేవారు.

"చాలా జ్వరంగా ఉంది ఆంటీ" అంటే "ఎంత?" అని థర్మామీటరు తెచ్చేవారు. "ఫ్యాను చాలా చప్పుడు చేస్తోంది" అంటే స్టూలెక్కి, ఫ్యాను కడ్డీ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవారు. తర్వాత ఒక రెక్క మరలు విప్పి, సన్నటి రేకు ముక్క పెట్టి బిగించేవారు. చప్పుడు పోయేది. ఆవిడతో కూరగాయలకు వెళ్ళడమంటే మాకు పెద్ద శిక్ష. త్రాసు ముల్లు కదలడం పూర్తిగా ఆగేదాకా సంచీ పట్టనిచ్చేవారు కాదు. వెనక నిలబడ్డవాళ్ళు గొణుక్కుంటున్నా వినిపించుకునేవారు కాదు.

ఒకసారి నా గదిలో ఉండే కర్నూలు అమ్మాయి ఇంటర్వ్యూ నుంచి వచ్చి మంచం మీద బోర్లా పడి ఏడుస్తోంది. ఆంటీ పైకి వచ్చారు.

"ఏమైంది బిడ్డా?"

"అంతా పోయింది ఆంటీ. నాకేం రాదు."

"అంతా అంటే ఎన్ని అడిగిండ్రు?"

ఆ పిల్ల ఏడుపు ఆపి లెక్కపెట్టుకుంది. పద్నాలుగు ప్రశ్నలు. పదకొండింటికి జవాబు చెప్పింది.

"మూడు రాలె. గంతే గదా" అన్నారు ఆంటీ. "గా మూడు కాయితం మీద రాసుకో. రేపు చదువు. లేచి అన్నం తిను."

ఓదార్చడం అంతవరకే. ఆ పిల్ల లేచి అన్నం తింది.

ఆంటీ హాస్టలు పెట్టకముందు సనత్‌నగర్‌లో ఒక కంపెనీలో పనిచేశారు. లారీలకు బ్రేకు డ్రమ్ములు, హబ్బులు చేసే కంపెనీ. హబ్బు అంటే చక్రం వెళ్ళి కూర్చునే ఇనుప దిమ్మ. తయారైన ప్రతి దాన్నీ కొలిచి, బాగుంటే పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క పెట్టడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు అదే చేశారు. కంపెనీ మూతపడ్డ రోజున తలా ఒక స్టీలు బిందె ఇచ్చి పంపుతుంటే, ఆవిడ బిందె వద్దని తను రోజూ వాడిన డయల్ గేజి అడిగి తెచ్చుకున్నారట. గడియారంలాంటి ముఖం, దాని కింద చిన్న మొన. మొన కింద ఏదైనా కాస్త ఎత్తుపల్లాలుంటే పైన ముల్లు కదులుతుంది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. ఆ గేజిని పాత బిస్కెట్ల డబ్బాలో, మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకునేవారు. మాకు చూపించారు గానీ ముట్టుకోనివ్వలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. అమీర్‌పేటలోనే ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. మా ఆఫీసు బేగంపేటలో. మా ఆయన కంపెనీ బస్సులో మాదాపూర్ వెళ్ళేవారు. అత్తమామలతో కలిపి ఆరుగురం కాబట్టి ఏడుగురు పట్టే పెద్ద బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దాన్ని ఎక్కువగా నడిపేది నేనే. పిల్లల బడి బంజారాహిల్స్ మీద. సాయంత్రం వాళ్ళను ఎక్కించుకుని పంజాగుట్ట వైపు ఆ వాలు దిగుతుంటే, మా సందులో ఎవరికీ లేని పెద్దరికం ఏదో నాకు వచ్చినట్టుండేది.

ఒక సాయంత్రం ఆ వాలులోనే బ్రేకు వేస్తే స్టీరింగు గడగడా ఊగింది. వెనక సీట్లోంచి మా చిన్నది, "అమ్మా, కారుకి చలి జ్వరం వచ్చిందా?" అని అడిగింది. మర్నాడు ఇంకా ఎక్కువగా ఊగింది. సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే ముందు చక్రాల బ్రేకు డిస్కులు, అంటే బ్రేకు పట్టుకునే ఇనుప బిళ్ళలు, వంకరపోయాయని కొత్తవి వేశారు. నాలుగు వారాలు బాగుంది, మళ్ళీ మొదలైంది. ఈసారి యూసుఫ్‌గూడలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాం. అతనూ డిస్కులు మార్చాడు. మళ్ళీ నెల తిరక్కుండానే ఊపు వచ్చేసింది.

"మేడం, ఏమనుకోవద్దు" అన్నాడు మెకానిక్. "మీరు బ్రేకు మీద కాలు పెట్టే నడుపుతున్నరు. గందుకే డిస్కు వేడయి వంకర పోతుంది. లేడీస్‌కి గా అలవాటు ఉంటది."

సర్వీసు సెంటరువాళ్ళు కూడా అదే మాట అన్నారు, ఇంకొంచెం మర్యాదగా. మా ఆయన మంచివారే. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర, "ఇద్దరూ ఒకటే చెప్తున్నారు కదా. నీకే తెలియకుండా కాలు ఆనుతోందేమో" అన్నారు. అత్తగారు, "పిల్లల్ని ఆటోలో పంపిద్దాంలే అమ్మా, ఎందుకొచ్చిన భయం" అన్నారు. నేను వాదించలేదు. ఆ తర్వాత రెండు రోజులు నడుపుతూ రోడ్డు చూడడం మానేసి నా కుడికాలునే చూసుకున్నాను. మూడో రోజు పంజాగుట్ట దగ్గర ముందు బస్సుకు జానెడు దూరంలో ఆగాను. ఇంటికొచ్చి తాళంచెవి గోడకున్న మేకుకు తగిలించి ఊరుకున్నాను. నెల రోజులు దాన్ని ముట్టుకోలేదు. బండి అమ్మేద్దామని మా ఆయన ఇద్దరు ముగ్గురితో చెప్పి ఉంచారు.

ఆ నెలాఖరున, ఒక శనివారం, అమీర్‌పేట మార్కెట్లో సంచీలతో ఆటో కోసం చూస్తున్న నన్ను ఆంటీ చూశారు.

"బండి ఏది?"

చెప్పాను. "బ్రేకు వేస్తే చాలా ఊగుతోంది ఆంటీ. నా కాలు వల్లేనట, మా ఆయనా అదే అన్నారు."

"ఎంత ఊగుతుంది?"

"బాగానే ఊగుతోంది ఆంటీ" అన్నాను.

"ఎంత స్పీడుల? బ్రేకు ఒత్తకుంటే సుత ఊగుతదా? కొత్త డిస్కులేసినంక ఎన్ని రోజులకు మొదలయింది? బండి ఏడ నిలబెడ్తరు?"

మొదటి మూడింటికీ తడుముకుంటూ చెప్పాను. చివరిదానికి, "మా సెల్లార్‌లో. కుడిచేతి వైపు మూల" అన్నాను.

ఆంటీ కూరగాయల సంచీ కిందపెట్టారు. "పోయిన వానలకు మీ సెల్లార్‌ల నీళ్ళు నిలవడ్డయా?"

నిలిచాయి. నాలుగు రోజులు మోటారు పెట్టి తోడారు. ఆ మూల పల్లం. మా బండి కుడి చక్రాలు సగం దాకా మునిగాయి.

"రేపు ఆయితారం. పొద్దుగాల వస్త. మీ సారును సుత తోల్కరా" అన్నారు. నేను మొహమాటపడి, ఆయన్ని ఎందుకు లెండి అన్నాను. "నాకొక్కదానికి చూపిస్తే ఏమొస్తది? మాట అన్నోళ్ళు చూడాలె" అన్నారు.

ఆదివారం పొద్దున ఆంటీ బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చున్నారు. మా ఆయన వెనక, చేతిలో పేపరుతో. సెలవురోజు కాబట్టి సనత్‌నగర్ ఫ్యాక్టరీల రోడ్డు ఖాళీగా ఉంది. నెల తర్వాత నడపడం. ఆంటీ చెప్పులు విడిచి, వట్టి పాదాలు నేలకు ఆనించారు.

"అరవైల పోనియ్యి. పోనిచ్చి మెల్లగ ఆపు."

ఆపాను. స్టీరింగు ఊగింది.

"యాడ ఊగింది? చేతులకా, నడుముకా?"

"చేతులకే."

ఆంటీ వెనక్కి తిరిగారు. "సార్, మీకు సీటు కింద ఊపేమన్న తెలిసిందా?"

మా ఆయన పేపరు దించారు. "లేదండీ. పెద్దగా లేదు."

"అయితే ముందల చక్రాలే. ఎనక చక్రాలదయితే సీటు ఊగుతది." అయినా అంతటితో నమ్మలేదు. నెమ్మదిగా వెళ్తుండగా హ్యాండ్‌బ్రేకు కొద్దిగా లాగమన్నారు. అది వెనక చక్రాలనే పట్టుకుంటుందట. ఏమీ ఊగలేదు. "ఎనకది పక్కా మంచిగున్నది. ఇగ షెడ్డుకు పోదాం పా."

యూసుఫ్‌గూడ మెకానిక్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. ఆంటీని చూసి, ఆవిడ చేతిలో డబ్బా చూసి, ఎవరో పెద్దావిడ అనుకుని కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. ముందు రెండు చక్రాలూ విప్పించారు. డిస్కు కదలకుండా చక్రం నట్లనే దాని మీద బిగించమన్నారు. గేజికి అయస్కాంతం ఉన్న కాలు ఒకటి ఉంది. దాన్ని పక్క ఇనుముకు అంటించి, మొన డిస్కు ముఖానికి ఆనేలా సర్దారు. ముందు ఎడమ వైపు. "తిప్పు అన్నా, మెల్లగ" అన్నారు. అతను చేత్తో డిస్కు తిప్పాడు. ముల్లు నాలుగు గీతలు కదిలి వెనక్కి వచ్చింది.

"నాలుగు. ఐదు దాంక ఫికర్ లేదు."

తర్వాత కుడి వైపు. ముల్లు కదలడం మొదలుపెట్టి ఆగలేదు. ఐదు దాటింది, పది దాటింది, పద్నాలుగు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ఆంటీ మా ఆయన వైపు చూశారు. "జర దగ్గరికి రా సార్. నువ్వే చదువు."

ఆయన వంగి చూశారు. "పద్నాలుగు" అన్నారు. తనే మెకానిక్‌ను ఇంకోసారి తిప్పమన్నారు. మళ్ళీ పద్నాలుగే.

"బ్రేకు ఒత్తితే రెండు దిక్కుల ఒక్కతీరుగ పట్టుకుంటది గదా" అన్నారు ఆంటీ, ఎవరినీ చూడకుండా, గేజిని విప్పుతూ. "గామె కాలు ఆనిచ్చి నడిపితే రెండూ ఖరాబు గావాలె. ఒక్కటే ఎట్లయింది?"

మెకానిక్ వంగి రెండు డిస్కులనూ మార్చి మార్చి చూశాడు.

అక్కడితో ఆపి ఉంటే నేను గెలిచినట్టే. కానీ ఆవిడ పని ఇంకా కాలేదు. డిస్కు మీద ఎత్తుగా ఉన్న చోట సుద్దముక్కతో గీత గీశారు, దాని ఎదురుగా హబ్బు మీద ఒక గీత. డిస్కు ఊడదీయించి, దాదాపు సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగింపించి కొలిచారు. డిస్కు మీది గీత కిందికి పోయింది గానీ, ఎత్తు మాత్రం హబ్బు మీది గీత దగ్గరే ఉంది. "డిస్కుది గాదు తప్పు. అది కూసున్న చోటుది" అన్నారు. డిస్కు తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, హబ్బు ముఖాన్ని వేలితో తడిమి మెకానిక్‌ను పిలిచారు. అక్కడ తుప్పు ఒక పొరలా పేరుకుని ఉంది. అరటిపండు తొక్క మందం కూడా లేదు. సెల్లార్ నీళ్ళలో మునిగిన వైపు. ఎవరు డిస్కు మార్చినా దాన్ని గోకకుండా దాని మీదే కొత్తది బిగించారు. వంకరగా కూర్చున్న డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట బ్రేకుకు రాసుకుని, కొన్ని వారాలకు అక్కడ అరిగి పల్చబడుతుంది. మందం తేడా వచ్చాక బ్రేకు ఒకచోట పట్టుకుని ఒకచోట వదులుతూ బండిని ఊపుతుంది. కొత్తది వేసిన నాలుగు వారాలు బాగుండడానికి కారణం అదే.

మెకానిక్ తల గోక్కున్నాడు. "నిజమే అమ్మా. డిస్కు మార్చేటప్పుడు గిది చూస్తలేము మేము."

"చూడకపోవుడు తప్పు గాదు అన్నా, పనిల ఉంటవు. చూడకుంటనే గామె మీద పెట్టినవు చూడు, గది తప్పు."

అతను నా వైపు తిరిగి, "ఏమనుకోకుండ్రి మేడం" అన్నాడు. ఈసారి ఆ మాట వేరేలా వినిపించింది. తర్వాత వైరు బ్రష్షు, గరుకు కాయితం తెచ్చుకుని గంటసేపు తనే కూర్చుని ఆ తుప్పు గోకాడు. ఆంటీ మళ్ళీ కొలిచారు. నాలుగు.

అరిగిన డిస్కును మర్నాడు ఆవిడే పేపర్లో చుట్టుకుని, ఆటోలో సనత్‌నగర్ వెళ్ళి, తన పాత కంపెనీ మనిషి నడిపే లేత్ మీద పల్చగా చెక్కించి తెచ్చారు. నట్లు గాలి మిషనుతో కాకుండా చేత్తో, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది, అన్నీ ఒకే బిగువులో బిగించమని దగ్గరుండి చేయించారు. ఇంటికొస్తుంటే మా ఆయన, "నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు. నేను ఊఁ అన్నాను. బండి అమ్మే మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

ఆ మర్నాడు, మంగళవారం సాయంత్రం, పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తూ ఆంటీని కూడా ఎక్కించుకున్నాను. బంజారాహిల్స్ వాలు దిగుతూ బ్రేకు వేశాను. తలుపు దగ్గరకు వేసినంత నెమ్మదిగా బండి ఆగింది. అయినా నా చేతులు స్టీరింగును గట్టిగా పట్టుకునే ఉన్నాయి, ఊపు వస్తుందేమోనని.

"ఇప్పుడెంత?" అని అడిగారు ఆంటీ.

"సున్నా ఆంటీ."

"సున్నా ఉండది బిడ్డా. నాలుగు ఉన్నది. నాలుగు చేతికి తెలువది."

పంజాగుట్ట సిగ్నలు దగ్గర ఆగాం. ఎర్ర లైటు చాలాసేపు ఉంది. ఆవిడ స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నారు. మామూలు గొంతుతోనే అన్నారు, "ఇరవై రెండేండ్లు గీ హబ్బులు, డ్రమ్ములు కొలిచిన. ఎన్ని లారీలకు పోయినయో లెక్క లేదు. ఒక్కనాడు సుత నేను స్టీరింగు పట్టుకోలె." నా వైపు తిరిగారు. "నాకు నేర్పుతవా?"

ఆవిడ జుట్టు అప్పటికే ముప్పాతిక తెల్లబడింది. నేర్పుతానన్నాను.

ప్రతి ఆదివారం పొద్దున సనత్‌నగర్ రోడ్డు మీద నేర్పాను. సీటు మీద రెండు దిళ్ళు వేసేవాళ్ళం. మొదటిరోజే గొడవ వచ్చింది.

"క్లచ్చి కొంచెం కొంచెంగా వదలాలి ఆంటీ."

"కొంచెం అంటే ఎంత?"

"రెండు వేళ్ళంత."

రెండు వేళ్ళంతే వదిలారు. బండి ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ ఆగిపోయింది. అలా తొమ్మిదిసార్లు. చివరికి నేను, "అది కొలిస్తే రాదు ఆంటీ. బండి కదలబోతున్నట్టు పాదానికి తెలుస్తుంది, అప్పుడు ఆపాలి" అన్నాను. ఆవిడ నన్ను అనుమానంగా చూశారు. చెప్పులు విడిచారు. కళ్ళు మూసుకున్నారు. ఫ్యాను కడ్డీ మీద చెయ్యి పెట్టినప్పటి ముఖం. బండి మెల్లగా, నీళ్ళలో పడవలా కదిలింది. "గట్లనా" అన్నారు, కళ్ళు తెరిచి. నేర్చుకున్న ఆ ఐదు నెలల్లో ఆవిడ నాకిచ్చిన మెప్పు అంతే.

లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పారు. మరీ నెమ్మదిగా నడిపారట. ఎంత నెమ్మదిగానో ఆ ఆఫీసరు చెప్పలేకపోయాడని ఇంటికొచ్చి విసుక్కున్నారు. రెండోసారి పాసయ్యారు.

ఆ జులైలో ఒక పొద్దున ఆగని వాన. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆంటీ ఒక అమ్మాయిని గొడుగు కింద పెట్టుకుని నిలబడ్డారు. కొత్తగా వచ్చిన ఖమ్మం పిల్ల. తొమ్మిదింటికి మాదాపూర్‌లో ఇంటర్వ్యూ. ఒక్క ఆటో లేదు. ఆ పిల్ల సర్టిఫికెట్ల ఫైలును చున్నీ కింద దాచుకుంది.

నేను తాళాలతో పరుగెత్తుకొచ్చాను. ఆంటీ చెయ్యి చాచారు.

"వానలోనా ఆంటీ?"

"వానల సుత పోతది గదా బండి."

తాళాలు ఇచ్చేసి పక్క సీట్లో కూర్చున్నాను. ఆవిడ దిళ్ళు సర్దుకున్నారు, అద్దం సర్దుకున్నారు, వైపరు ఒకసారి తిప్పి చూసుకున్నారు. పంజాగుట్ట దాకా బస్సులు రెండు వైపులా హారన్లు కొట్టాయి. ఆవిడ తన వేగాన్ని మార్చలేదు. వెనక సీట్లో ఆ పిల్ల ఏదో పైకి చదువుకుంటోంది. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతుంటే ఆంటీ గేరు మార్చి, నా వైపు చూడకుండానే, "మంచిగ మారిందా?" అని అడిగారు. మారిందన్నాను. తొమ్మిదికి ఎనిమిది నిమిషాలుండగా ఆ అద్దాల భవనం ముందు ఆగాం. పిల్ల దిగి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి కిటికీలోంచి ఆంటీ చెయ్యి పట్టుకుంది. ఆవిడ, "పో, పో, తడుస్తవు" అన్నారు.

వాన తగ్గుముఖం పట్టింది. నాకు ఆఫీసుకు టైమవుతోంది. ఇక వెనక్కి తిప్పుతారనుకున్నాను. ఎదురుగా అప్పుడప్పుడే వేసిన రోడ్డు ఒకటి, ఇంకా గీతలు కూడా వేయనిది, రాళ్ళ గుట్టల మధ్య నల్లగా, తడిగా, ఖాళీగా ఉంది.

"గీ రోడ్డు యాడికి పోతది?" అన్నారు ఆంటీ.

"తెలియదు ఆంటీ. కొత్తగా వేశారు."

"మీ ఆఫీసుకు జర లేటయితే ఏమన్నంటరా?"

"అనరులెండి."

"అయితే చూసొద్దాం" అని ఆవిడ బండిని ఆ రోడ్డు మీదికి ఎక్కించారు. మూడో గేరు వేశారు. కాసేపటికి, నేను చెప్పకముందే, నాలుగో గేరు వేశారు.